గేమింగ్ లినక్స్ లైవ్ డెమో

మొన్న శనివారం నలుగురి ముందు నా పరువు ఎలా పోయిందో చెప్తా, వినండి. తప్పు కంప్యూటర్‌ది మాత్రం కాదు!

షాంటిలీ ఊళ్లో మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. వీకెండ్ వస్తే దాంట్లో కార్ రేసింగ్ గేమ్ ఆడకపోతే నాకు తోచదు. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచీ గేమ్ ఒకటే నత్తనడక. కారు మలుపు తిరిగేలోపు కాఫీ తాగి రావచ్చు! తప్పంతా విండోస్‌దే అని తేల్చేశాను. విండోస్‌కి బదులు వేసుకోడానికి, గేమ్స్ కోసమే తయారుచేసిన లినక్స్ ఒకటుందని ఫోరమ్‌లో చదివి, బుధవారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టి మరీ రెండో డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేశాను. అబ్బ! కారు రివ్వున దూసుకుపోయింది.

ఇంక నేను ఆగుతానా? ఆఫీసంతా డప్పు కొట్టేశాను. మా టీమ్‌లో ప్రసాద్ అప్పుడే కొత్త లాప్‌టాప్ కొన్నాడు. "ఆ విండోస్ పీకి అవతల పారెయ్, నేను లినక్స్ వేసిపెడతా" అన్నాను.

"ముందు మీ ఇంట్లో చూపించు. ఆ తర్వాతే నా లాప్‌టాప్ మీద చెయ్యి వెయ్యి" అన్నాడు వాడు.

"శనివారం టిఫిన్‌కి వచ్చెయ్, లైవ్ డెమో!" అని ఇంకో ఇద్దర్ని కూడా పిలిచాను.

అందరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. స్టార్ట్ కొట్టాను. కారు కదిలింది... ఆగింది... మళ్లీ కదిలింది.

"ఏంట్రా, ట్రాఫిక్ జామా?" అన్నాడు ప్రసాద్.

నాకు చెమటలు పట్టాయి. "ఏదో డ్రైవర్ ప్రాబ్లమ్‌లే" అంటూ ఏవేవో కమాండ్లు కొట్టాను. సిస్టమ్ మొత్తం ఆఫ్!

ప్రసాద్ టేబుల్ కిందకి దూరాడు. "ఒరేయ్, సీపీయూ మీద ఈ దుప్పటేంట్రా?"

దుప్పటి తీస్తే స్టీలు గిన్నె. గిన్నెలో దోసెల పిండి! వేడిగాలి బయటికి పోయే చిల్లులన్నీ దాని కిందే.

"అయ్యో, అది కదపకండి!" అంటూ కిచెన్‌లోంచి మా ఆవిడ స్వాతి పరిగెత్తుకొచ్చింది. "ఈ చలికి పిండి ఎక్కడ పెట్టినా పులవట్లేదు. ఆ సిస్టమ్ ఎలాగూ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుందిగా, వెచ్చగా ఉంటుందని శుక్రవారం శుక్రవారం అక్కడ పెడుతున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"వీకెండ్ మీరు స్క్రీన్ మీంచి తల తిప్పితే కదా చెప్పడానికి!"

బుధవారం అక్కడ గిన్నె లేదు. అదీ నా లినక్స్ మహిమ! ప్రసాద్ అంతటితో వదిలాడా? గిన్నె తీయించి, సిస్టమ్ చల్లారాక పాత విండోస్‌లోనే గేమ్ పెట్టాడు. కారు లినక్స్‌లో కన్నా స్పీడ్‌గా పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. దోసెలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయని అందరూ రెండేసి ఎక్కువే లాగించారు.

నిన్న ప్రసాద్ వాళ్ల ఆవిడ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మా పాత డెస్క్‌టాప్‌లో కూడా ఆ లినక్స్ వేసిపెడతారా?"

నా ప్రాణం లేచొచ్చింది. "తప్పకుండా అమ్మా! ప్రసాద్ గేమ్స్ ఆడతానన్నాడా?"

"గేమ్స్‌కి కాదండీ. మాకూ పిండి పులవట్లేదు."

ఇంత జరిగాక కూడా నా లినక్స్‌ని నమ్మింది ఆవిడొక్కతే. రేపు పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్తున్నాను.