గ్రాండ్ అన్న కోచ్

పగబడితే వదిలే మనిషి కాదు ఐరిష్ పట్టణం నేవన్‌లో ఉండే సూర్యప్రభ. నిరుడు గేలిక్ ఫుట్‌బాల్ అనే అక్కడి ఆటలో ఆమె కూతురు ధరణి తలకు గట్టి దెబ్బ తగిలితే, కోచ్ "షీ ఈజ్ గ్రాండ్", అంటే పిల్ల బాగానే ఉంది, అంటూ మళ్లీ ఆటలోకి తోశాడు. ఇంటికొచ్చాక సూర్యప్రభ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది గానీ డాక్టరుకు చూపించలేదు. ధరణి ఇప్పటికీ ఒక్క పేజీ చదివితే తలపోటుతో పడుకుంటుంది.

తనను తాను తిట్టుకుని ఊరుకోలేదామె. ప్రథమ చికిత్స నేర్చుకుని, అదే క్లబ్బులో ఆ పనికే చేరి, ఆ 'గ్రాండ్' మాట కోచ్ నోట మళ్లీ వచ్చే రోజు కోసం కాచుకుంది.

మొన్న ఫైనల్లో కోచ్ కూతురే తలకు దెబ్బ తగిలి తూలింది. సూర్యప్రభ పిల్లను బయటికి నడిపించింది.

"షీ ఈజ్ గ్రాండ్! ఇంకా ఐదు నిమిషాలే ఆట, ఆడనివ్వు," అని కోచ్ బతిమాలాడు.

"ఆడనివ్వను. నీ పిల్ల మళ్లీ హాయిగా చదువుకోవాలి. అది పుస్తకం తెరిచినప్పుడల్లా నా ధరణి నీకు గుర్తు రావాలి."