బైండింగ్ లోనుకు అప్పడాల రిపోర్టు

బ్యాంకు మేనేజరు నా రిపోర్టును రెండు వేళ్లతో పట్టుకుంది, ఎవరిదో తడి తువ్వాలు పట్టుకున్నట్టు.

"ఇదేందమ్మా, వ్యాసం రాసుకొచ్చినవ్?"

గన్‌ఫౌండ్రీలోని ఆ బ్యాంకులో అప్పటికి గంటన్నరగా కూర్చున్నాను. పుస్తకాల బైండింగు పని సొంతంగా మొదలుపెట్టాలని నా ఆశ. లోను కావాలంటే ప్రాజెక్టు రిపోర్టు తెమ్మన్నారు. రిపోర్టు అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పే కాగితమని అనుకున్నాను. డైరీ రాసే అలవాటు మనిషిని ఇలాగే చెడగొడుతుంది. నాలుగు ఆదివారాలు కూర్చుని, ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుని, పద్నాలుగు పేజీలు నింపాను. థీసిస్‌లు ఏ నెలలో వస్తాయి, బడుల రిజిస్టర్లు ఏ నెలలో వస్తాయి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు అమ్మేవాళ్లు చిరిగిన వాటికి కొత్త అట్టలు వేయించడానికి ఎంత ఇవ్వగలరు, అన్నీ అడిగి తెలుసుకుని రాశాను. వానాకాలంలో జిగురు ఆరదు కనుక జులై, ఆగస్టులలో పని సగమే అని రాశాను. మొదటి ఏడాది లాభం ఉండదని కూడా రాశాను.

"లాభం ఉండదని నువ్వే రాస్తివి. మరి మేమెందుకు ఇయ్యాలె?" అంది మేనేజరు.

ఏ మిషన్ కొంటే రెండో ఏడాది నుంచి కిస్తులు ఎలా తీరతాయో, ఆ జవాబు తొమ్మిదో పేజీలో ఉంది. ఆవిడ రెండో పేజీ దాటలేదు. తొమ్మిదో పేజీ చూడండి మేడమ్ అనాలి. "సరే మేడమ్" అన్నాను.

"ఎవరన్న కన్సల్టెంట్‌తోని చేయించుకొని రా. గిట్లాంటివి మేము పైకి పంపలేం." ఫైలు నా వైపు తోసింది. దాని మీద ఆవిడ టీ గ్లాసు గుండ్రంగా ముద్ర పడి ఉంది. ఆ ఫైలు మీద ఆ బ్యాంకు వేసిన ముద్ర అదొక్కటే.

నాకు లోను ఎందుకో చెప్పాలి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు నాంపల్లి కోర్టుల దగ్గర ఒక డీటీపీ షాపులో టైపు చేశాను. అక్కడికొచ్చే థీసిస్‌లను గట్టి అట్ట బైండింగుకు ఆబిడ్స్ వెనక గల్లీలో ఒక ముసలాయన కొట్టుకు తీసుకుపోయేదాన్ని. గల్లీలో అందరూ ఆయన్ను చాచా అంటారు. బైండింగయ్యే దాకా ఊరికే కూర్చోవడం ఎందుకని దారం ఎక్కించడం మొదలుపెట్టాను. ఆరు నెలలకు కుట్టడం వచ్చింది. ఏడాదికి మైదా జిగురు ఎంత చిక్కగా ఉడకాలో, పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎంత వేయాలో తెలిసింది. ఆయన ఎప్పుడూ మెచ్చుకోలేదు. కుట్టు వంకరగా పడితే మాత్రం మాట్లాడకుండా దారం తెంపేసేవాడు. మాటలు లేని ఆ కొట్టు నాకు సరిపోయింది.

కొట్టు మధ్యలో కటింగ్ మిషన్ ఉండేది. పోత ఇనుముది, చేత్తో చక్రం తిప్పేది. పుస్తకాల కట్టను కింద బిగించి చక్రం తిప్పితే కత్తి దిగి మూడు వైపులా అంచులు అద్దంలా వచ్చేవి. అది లేకపోతే బైండింగు ఇంట్లో చేసే కుట్లు అల్లికల లాంటిదే, ఎవరూ డబ్బులివ్వరు. కొట్టు ఓనరు ఆ షట్టరును సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లకు ఇస్తున్నాడు. చాచా ఏప్రిల్ ఆఖరుకు ఖాళీ చేయాలి. మిషన్ నేను కొంటానంటే అరవై వేలు చెప్పాడు. లేకపోతే కబాడీవాడు కిలోల లెక్కన తూచి పట్టుకుపోతాడు. నా దగ్గర పద్దెనిమిది వేలున్నాయి. అప్పటికి మార్చి సగం గడిచింది.

కన్సల్టెంటును మా మామ వెతికాడు. అమ్మ తమ్ముడు. ఏ పనికైనా ఒక మనిషి తెలుసంటాడు. తన పనికి మాత్రం ఏ మనిషీ దొరకలేదు, అందుకే ఎప్పుడూ ఖాళీ. కన్సల్టెంటు ఆఫీసు నాంపల్లిలో ఒక మిఠాయి దుకాణం పైన. మెట్ల నిండా నెయ్యి వాసన, గది నిండా ఫైళ్లు.

"మా అక్క బిడ్డ. జర భయపడతది. నోరు లేదు, గని మంచిది" అని మామ నన్ను పరిచయం చేశాడు, బర్రెను అమ్మేటప్పుడు చెప్పినట్టు.

"ఏం బిజినెస్?"

నేను నోరు తెరిచేలోపు మామ అందుకున్నాడు. "బుక్కులకు అట్టలేసుడు."

"బైండింగా?" కన్సల్టెంటు నన్ను కాక మామనే చూస్తూ మాట్లాడాడు. "లేడీసంటే అప్పడాలు, పచ్చళ్లు, టైలరింగ్ పెట్టుకోవాలెనన్నా. సర్రున అయితయి. సరే, మీ ఇష్టం."

నా పద్నాలుగు పేజీలు ఇచ్చాను. టీ ఫ్లాస్కు కింద పెట్టాడు. "ఉండనియ్యి, చూస్తా." కంప్యూటర్లో ఏదో పాత ఫైలు తెరిచి, ఒక మాట తీసి ఇంకో మాట పెట్టమని దానికే చెప్పి, చెవిలో వేలు పెట్టుకున్నాడు. రిపోర్టు పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. గోడ గడియారం చూశాను గనుక తెలుసు. అందులో ఒక నిమిషం చెవికి పోయింది. ఐదు వేలు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి చదివాను. చదవడం నాకు జబ్బు. మొదటి ఐదు పేజీల్లో నేను "ఉత్సాహవంతురాలైన మహిళా పారిశ్రామికవేత్త"ను. మొదటి నెల నుంచే లాభం. ఏడాదిలో వాన అనేదే లేదు. ఆరో పేజీలో ముడిసరుకు: మినప పిండి, మిరియాలు, సోడా. తయారైన సరుకును ఎండబెట్టడానికి అనువైన డాబా గలదు.

మామకు చూపించాను. "ఎవడు సదువుతడే గవన్నీ?" అన్నాడు.

మామ జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. అది నా విషయంలో చెప్పడమే నాకు ఇప్పటికీ మండుతుంది. మర్నాడు బ్యాంకులో మేనేజరు మొదటి పేజీ చూసింది, ఆఖరి పేజీ చూసింది, స్టాంపు చూసింది. మధ్యలో వేలు తడి చేసుకుని పేజీలు గలగలమని వదిలింది. "చూసినవా, రిపోర్టంటే గిట్లుండాలె" అంది. మూడు వారాల్లో శాంక్షన్ అయిందని ఫోనొచ్చింది. మినప పిండితో పుస్తకాలు కుట్టే దానికి లక్షన్నర ఇవ్వడానికి ఆ బ్యాంకుకు ఏ అభ్యంతరమూ లేదు.

అమ్మ చర్చిలో కృతజ్ఞతార్పణ కవరు వేసింది. మామ నా తరఫున నలుగురికి ఇరానీ చాయ్ తాగించి, డబ్బులు నా దగ్గర తీసుకున్నాడు.

సంతకాలకు పోయినప్పుడు తెలిసింది, డబ్బు నా చేతికి రాదని. కొటేషన్ ఇచ్చిన కంపెనీకే పోతుంది. కొత్త మిషన్, పక్కా బిల్లు. ఆ రోజు నేను మొత్తం ధైర్యం కూడగట్టుకుని ఒక ప్రశ్న అడిగాను.

"పాత మిషన్ కొనొచ్చా మేడమ్?"

"పాతదా?" మేనేజరు పక్క సీటు ఆయన వైపు తిరిగి నవ్వింది. "పాత ఇనుముకు లోనంటనండీ!"

లక్షన్నరకు వచ్చే కొత్త మిషన్ నేను చూశాను. రేకు డబ్బా. వంద పేజీలు పెడితే కత్తి పక్కకు జారుతుంది. అది నా తొమ్మిదో పేజీలోనే రాసి ఉంది.

ఏప్రిల్ ఇరవై ఆరున మళ్లీ మిఠాయి దుకాణం పైకెక్కాం. కన్సల్టెంటు నా మీద జాలిపడ్డాడు.

"గింతదానికి పరేషానేందన్నా? బేగం బజార్ల మన సేటున్నడు. కొత్త మిషన్‌కు బిల్లిస్తడు. బ్యాంకు పైసలు ఆయనకు వడ్తయి. ఇరవై పర్సెంటు పట్టుకొని మిగిలింది నగదు. గా పాత మిషన్ కొనుక్కోండ్రి."

"ఇన్‌స్పెక్షన్‌కొస్తే?" మామ తెలివిగా అడిగాననుకున్నాడు.

"మనకు షట్టరున్నది గదా, ఈ గల్లీలనే. పొద్దుగాల అప్పడాల యూనిట్, పగటీలి టైలరింగ్, సాయంత్రం ఏది గావాలంటే అది. బోర్డు మారుస్తం, అంతే. ఆళ్లొస్తరు, ఫొటో తీసుకుంటరు, చాయ్ తాగి పోతరు. ఆళ్లకూ ఎరుకనే."

డబ్బు సేటుకు ఇమ్మని బ్యాంకుకు రాసిన కాగితం నా ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. కిటికీలోంచి ఆ షట్టరు కనిపిస్తోంది. ఇద్దరు ఆడవాళ్లు దారం ఎక్కించని కుట్టు మిషన్ల ముందు కూర్చుని ఉన్నారు. ఒకామె పెళ్లికి పోయినంత ముస్తాబై ఉంది.

నేను నీతిమంతురాలినని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ క్షణంలో నాకు నీతి గుర్తుకు రాలేదు. బస్సులో చిల్లర అడగలేక దిగిపోయే మనిషిని. లేని మిషన్ ఉందని, లోను తీరే ఐదేళ్లూ, మొహాలు చూసి ఎలా చెప్పను? అంతకంటే, ఆ గదిలో ఉన్న అందరి మీదా నాకు అసహ్యం పుట్టింది; సంతకం పెడితే అందులో నేనూ ఒకదాన్ని. మిషన్ కోసం చచ్చేంత ఆశ ఉంది. నాలుగు రోజులే ఉన్నాయి. అయినా పెన్ను పట్టుకునే కూర్చున్నాను.

"పెట్టవేమే, పెన్ను రాస్తలేదా?" అన్నాడు మామ.

వద్దు అనే మాట నాకు రాదు. "బాత్రూమ్‌కు పోయొస్తా" అన్నాను. మెట్లు దిగాను, మిఠాయి దుకాణం దాటాను, స్టేషన్ దాటాను, ఆబిడ్స్ దాకా ఆగలేదు. లోను మాత్రం ఆ కాగితం మీదే ఆగిపోయింది.

ఆ సాయంత్రం మామ అమ్మ ముందు కూర్చుని చేసిన ప్రసంగం డైరీలో ఒక పేజీ పట్టింది. "బాత్రూమ్‌కని పోయి నాంపల్లే దాటిందక్కా నీ బిడ్డ! గంటసేపు కూసున్నం. గాయన అడిగిండు, అమ్మాయికి షుగరా అని!"

చాచా అప్పటికే కొట్టు సర్దుతున్నాడు. నన్ను చూసి "పైసలొచ్చినయా?" అన్నాడు.

"రాలేదు చాచా."

"రావని నాకెరుక. శనివారం కబాడీవాడొస్తడు."

అప్పుడు చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, ఆగకుండా. అంతసేపు నేను ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన కదలకుండా విని, చివర్లో "అప్పడాలా?" అన్నాడు. నవ్వు దగ్గులోకి దిగి, నీళ్లు తాగే దాకా తగ్గలేదు. ఓదార్పు మాట ఒక్కటి లేదు. మూలనున్న కట్టలు చూపించాడు.

"గీ చర్చి పాటల పుస్తకాలు రెండొందలు. గాడ బడి రిజిస్టర్లు. జూన్ల ఇయ్యాలె. నా చేతులు ఆగుతలెవ్వు." చేతులు చాపాడు, నిజంగానే వణుకుతున్నాయి. "మిషన్ నీ ఇంట్ల పెట్టుకో. పనంతా నువ్వు చెయ్యి. కూలి ఇయ్య. అది మిషన్ పైసలల్ల జమ. నీ తాన ఉన్నది ఇప్పుడు ఇయ్యి, మిగిలింది నెలనెలా. ఒక్క పుస్తకం ఖరాబైనా పైసలు నీవే."

"కాగితం రాసుకుందామా చాచా?"

"రాద్దాం. గని బేటీ, పద్నాలుగు పేజీలొద్దు. ఒక్క పేజీ."

రాశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ప్రతి అక్షరం కింద వేలు జరుపుతూ చదివాడు. జిగురు ఆరని నెలల్లో కిస్తు సగం అని రాసిన చోట ఆగి, "గిది సరైన మాట" అన్నాడు. అన్ని నెలల్లో నా రాతను పూర్తిగా చదివినవాడు ఆయనొక్కడే.

శనివారం కబాడీవాడి కంటే ముందు నలుగురు హమాలీలు మిషన్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించారు. మా కిరాయింటి ముందు గదిలో దించేటప్పుడు గడప బండ పగిలింది. ఇంటి ఓనరు కిరాయి పెంచాడు. మామ చేతులు కట్టుకుని చూశాడు. "సోఫా పెట్టుకునే జాగల ఇనుప గుండు పెట్టుకున్నరు" అన్నాడు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా దాని మీదే టీ గ్లాసు పెడతాడు.

జులైలో, ముసురు పట్టిన రోజు, కన్సల్టెంటు మా గుమ్మంలోకి వచ్చాడు. డీటీపీ షాపు వాళ్లు పంపారట. నన్ను గుర్తుపట్టలేదు, నా మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు కదా. ఒక రిపోర్టు, నాలుగు కాపీలు, గట్టి అట్ట కావాలి. పైకి పోతుందట.

అంచులు సరిచేస్తూ, జబ్బు కొద్దీ చదివాను. ఎవరో మహిళ పెట్టబోయే అప్పడాల యూనిట్. ఆమె కూడా ఉత్సాహవంతురాలే. ఆరో పేజీలో ఈసారి మినప పిండి సరిగ్గానే ఉంది. దాని కింద, నేను పెట్టిన చోటే కామాతో సహా, నా వాక్యం. వానాకాలంలో జిగురు ఆరదు కనుక జులై, ఆగస్టులలో పని సగమే. ఫ్లాస్కు కింద పెట్టిన నా కాగితాలు వృథా పోలేదన్నమాట.

"రేపు సాయంత్రం ఇస్తాను" అన్నాను.

"రేపేంది? ఇయ్యాలనే గావాలె."

"వానాకాలం సార్. జిగురు ఆరదు."

"గా ముచ్చట ముందుగాల చెప్పాలె గదమ్మా! మాకెట్ల తెలుస్తది?"

"ఆరో పేజీలో ఉంది సార్."

ఆయన ఫైలు వైపు ఒకసారి చూశాడు. తెరవలేదు. గొడుగు దులిపి, రేపు నాలుగింటికొస్తానని చెప్పి వెళ్లిపోయాడు. నేను కట్టను మిషన్ కింద బిగించి చక్రం తిప్పాను.