పాట ఆగిన వాకిలి

మొన్న సాయంత్రం కడపలో మా ఎదురు మేడ మీద ఒకతను క్రిస్మస్ స్టార్ కడుతున్నాడు. పొడుగాటి ఇనుప గొట్టం చివర స్టార్ బిగించి, దాన్ని నిలబెట్టడానికి అటూ ఇటూ తిప్పుతున్నాడు. బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్న నేను ఉన్నట్టుండి గట్టిగా అరిచానట. ఏమని అరిచానో నాకే గుర్తు లేదు. అతను గొట్టం దించి, తీగలు అవతలి వీధిలో ఉన్నాయి మేడమ్, ఇటు లేవు అని మర్యాదగానే చెప్పాడు. లోపలికొచ్చాక కూడా కిటికీలోంచి ఆ గొట్టం వైపే చూస్తూ ఉన్నాను. డిసెంబరు నెలలో మా మామ ఏదో ఒక పూట ఇలా వచ్చి పలకరించి పోతుంటాడు.

మామ అంటే మా నాయన అక్కకు భర్త. మైదుకూరు దగ్గర రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే పల్లె మాది. అక్కడ దొరల కాలంలో కట్టిన రాతి గుడి ఉంది. మావాళ్లు చర్చి అనరు, గుడి అనే అంటారు. లోపల నేలంతా నాపరాళ్లు. పండగ పొద్దున ఆ రాళ్ల మీద కూర్చుంటే చలి వెన్నులోకి ఎక్కేది. ప్రసంగం ఎంత పొడుగైనా మా సంఘంలో ఎవరూ కునుకు తీయకపోవడానికి ఆ రాళ్లే కారణమని మామ అనేవాడు. ఆయనకు కొంచెం మెట్ట భూమి ఉండేది. పసుపు తవ్వే కాలంలో కూలికి కూడా పోయేవాడు. పాట మాత్రం అస్సలు రాదు. ఆయన గొంతెత్తితే పక్కవాళ్ల రాగం కూడా తప్పేది. అందుకే పెద్దలు ఉపాయంగా ఆయనకు స్టార్ పని అప్పజెప్పారు. పండగ ఇంకా నెల ఉందనగానే మిద్దె మీద కూర్చుని వెదురుబద్దలు చీల్చడం మొదలుపెట్టేవాడు. మైదాపిండి జిగురు ఉడికించి, రంగు కాగితాలు అంటించి, ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేకుండా చేసేవాడు. ఒక ఏడు స్టార్‌కు ఒక మూల వంగిపోయింది. ఆనాడు చుక్క వెంట యేసు దగ్గరికి పోయిన జ్ఞానులు దీన్ని చూసి ఉంటే దోవ తప్పి ఇంటికి పోయి ఉండేవాళ్లని అత్త గుడి ముందరే అంటే, అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

ఆయనకు ఒకటే కోరిక. పెద్ద రోడ్డు మీద బస్సుల్లో పోయేవాళ్లకు మా స్టార్ కనపడాలి. వెదురు గడ పొడుగయ్యేకొద్దీ గాలికి వంగేది. మరో ఏడు మా నాయన తన బోరు దగ్గర మిగిలిన ఇనుప పైపు తెచ్చిచ్చాడు. పండగ ముందురోజు మధ్యాహ్నం బావా బామ్మర్దులిద్దరూ గుడి వెనక దాన్ని ఎత్తారు. బిగించి కట్టడానికి తాడు చాలక నాయన గుడిలోకి వచ్చాడు. అప్పుడే ఉద్యోగంలో చేరి సెలవు మీద వచ్చిన నేను అమ్మతో కలిసి లోపల తోరణాలు కడుతున్నాను. బయట ఏ శబ్దమూ రాలేదు. కాసేపటికి ఎవరో ఆడమనిషి కేక వినపడింది. మేం పోయేసరికి మామ గోడవార పడి ఉన్నాడు. పైపు కొస వీధి కరెంటు తీగకు తగిలిందట. స్టార్ ఎక్కడా చిరగలేదు. పక్కనే పడి, గాలికి దాని కాగితం టపటపమంటూ ఉంది. మర్నాడు, పండగ పూటే, ఆయన్ని సమాధి చేశాం. మా పాస్టరు అయ్యగారు పెట్టె దగ్గర బైబిలు తెరిచి, ఏం చదవాలో తోచక పుటలు తిప్పుతూ నిలబడ్డారు. పిల్లలు కొత్త బట్టలు అడగలేదు. వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు.

ఆ తర్వాత మా గుడి మీద స్టార్ లేదు. కట్టవద్దని ఎవరూ అనలేదు, కడదామనీ ఎవరూ అనలేదు. పండగ ముందురోజు దీపాలు పెట్టే వేళకు పాటలవాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగేవారు. డప్పు మా నాయనది. అత్త ఇంటి మలుపు రాగానే ఆయన డప్పును చంకలో నొక్కి పట్టేవాడు. తాళాలు ఆగేవి. పాట ఉన్నచోటే ఆగేది. అంతమందిమీ మునివేళ్ల మీద ఆ ఇల్లు దాటేవాళ్లం. పక్కిళ్ల వెలుగులో మా నీడలు అత్త గోడ మీద నుంచి ఒకదాని వెనక ఒకటి పోయేవి. వీధి చివరికి చేరాక, ఆపిన మాట దగ్గర నుంచే పాట మళ్లీ మొదలయ్యేది. అందరూ దయతో చేసిన పనే అది. కానీ మూసిన ఆ తలుపు ముందు అలా నడుస్తుంటే చనిపోయింది మేమేనేమో అనిపించేది నాకు.

అత్త మామూలు ఆదివారాల్లో గుడికి వచ్చేది. పండగనాడు మాత్రం రాదు. దేవుడి మీద అలిగిందని కొందరు, ఆమె జోలికి పోవద్దని కొందరు అనేవారు. పండగ మర్నాడు నేను మా ఇంట్లో వండిన అత్తిరాసలు తీసుకుని పోతే వానల గురించి, చెనక్కాయ పంట గురించి మాట్లాడేది. ఒక్కసారి మాత్రం, పొయ్యి ముందు కూర్చుని ఉన్నదల్లా తల తిప్పకుండా, ఈ నెల వస్తే చాలు, మిద్దె మీద వెదురు చీల్చే సప్పుడు వినపడుతుందే, అంది. లేచి పోయి చూస్తావా అని అడిగాను. చూడదట. చూస్తే ఆగిపోతుందని భయమట.

ఇలా ఎన్నో పండగలు పోయాయి. ఒక ఏడు మా సంఘానికి డోన్ వైపు నుంచి కొత్త అయ్యగారు వచ్చారు. మంచి గొంతు, కొంచెం తొందర మనిషి. ఆయనకు ఈ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. పండగ ముందురోజు సాయంత్రం పాటలవాళ్లకు ముందు ఆయనే నడుస్తున్నారు. అత్త ఇంటి మలుపులో మేమంతా ఆగిపోయాం. ఆయన మాత్రం ఆ చీకట్లో ఒక్కరే పాడుకుంటూ ముందుకు పోయారు. సరిగ్గా వాకిలి ముందుకు వచ్చాక, వెనక ఏ గొంతూ లేదని గమనించి, పాట ఆపి మా వైపు తిరిగారు. అప్పుడు తలుపు తెరుచుకుంది.

అత్త గడప మీద నిలబడింది. కొంగు తల మీదుగా కప్పుకుని ఉంది. కోపమో ఏడుపో నాకు దూరం నుంచి తెలియలేదు. "ఎందుకప్పా నిలిపేసినారు?" అని అడిగింది.

సంఘ పెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, "నీకు బాధైతాదని లేమ్మా" అన్నాడు.

"పాటతో కాదప్పా నాకు బాధ. ఊరంతా పాడుకోని వస్తారు, నా వాకిలికాడికి వచ్చేసరికి నోరు మూసుకుంటారు. తలుపెనకాల కూచోని మీ అడుగుల సప్పుడు వింటా ఉంటా. ప్రతేడూ ఆయప్పను మళ్లా మోసకపోతాండారనిపిస్తాది నాకు."

అత్త మా గుంపులో వెతికి చూసి, "తమ్ముడా, యాడుండావురా? ముందరికి రా" అని పిలిచింది. అందరికంటే వెనక, గోడనీడలో ఉన్న నాయన మెల్లగా ముందుకు వచ్చాడు. వాకిట్లో నిలబడి, తల ఎత్తకుండా, "పైపు నేనే తెచ్చిస్తిని గదక్కా" అన్నాడు. అన్నేళ్లలో ఆ మాట ఆయన ఎవరి దగ్గరా అనలేదు. మా అమ్మ దగ్గర కూడా అనలేదు.

"నువ్వు తెచ్చింది పైపురా. సావు కాదు. ఆయప్ప అడిగితే నేనైనా తెచ్చిచ్చుందును" అంది అత్త. ఆయన చంకలోని డప్పు చూపించి, "కొట్టు" అంది.

నాయన డప్పు తీశాడు. మొదటి దెబ్బ తప్పింది, రెండోదీ తప్పింది. అత్తే పాట ఎత్తుకుంది. వాడక బొంగురుపోయిన గొంతు అది. మొదటి చరణం ఆమె, అయ్యగారు ఇద్దరే పాడారు. తర్వాత ఆడవాళ్లు కలిశారు. నాయన డప్పు దారిలో పడేసరికి వీధంతా పాడుతోంది. చివరికి అత్త మమ్మల్ని ఊరికే పోనివ్వక, వేయించిన చెనక్కాయలూ బెల్లమూ అందరి దోసిళ్లలో పోసింది. పెద్ద చాటలోవి అవి. అంతమందికి ఎప్పుడు వేయించి పెట్టుకుందో, ఎన్ని పండగల నుంచి అలా వేయించి పెట్టుకుంటోందో అడగడానికి మాకు నోరు రాలేదు.

మర్నాడు ఆమె గుడికి వచ్చి ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చుంది. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో వడ్డిస్తూ నాయన ఆకులో పాయసం పొంగిపోయేలా పోసి, తినేదాకా పక్కనే నిలబడింది. ఆయన ఏడుస్తూ తిన్నాడు, మధ్యలో నవ్వాడు కూడా. వాళ్లిద్దరూ అంత దగ్గరగా ఉండడం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. గిన్నెలు కడిగే చోట, ఇప్పుడు మనసుకు బాగుందా అత్తా అని అడిగాను. "బాగుంటాదా యాడన్నా? అయినా ఆయప్పను పైన మళ్లా కలిసేదుండాది గదమ్మా. ఆ దినానికి గొంతు పోగొట్టుకోకుండా ఉండాల గదా" అంది. మిద్దె మీద ఆ సప్పుడు ఇంకా వినపడుతోందట. ఇప్పుడు దానికి భయపడడం లేదంది. స్టార్ మాత్రం మా గుడి మీదకు మళ్లీ ఎక్కలేదు. దాన్ని అత్త కూడా అడగలేదు.

అప్పటి నుంచి ఆమె ఉన్నన్నాళ్లూ పండగ పాట ఆమె వాకిట్లోనే మొదలయ్యేది. ఇప్పుడు అత్తా లేదు, నాయనా లేడు. ఆ మంచి పండగలు నాకు బాగానే గుర్తున్నాయి. కానీ ఒంటరిగా కూర్చుంటే మనసు వాటి దగ్గర నిలవదు, మేం మునివేళ్ల మీద దాటిపోయిన ఏళ్ల దగ్గరికే పోతుంది. ఎవరైనా ఒకరు ఆ తలుపు తట్టి అడిగి ఉంటే ఆ ఏళ్ల పండగలు కూడా మాకు దక్కేవి. కాలం తాను తీసుకుపోయిన పండగను తిరిగి తెచ్చివ్వదు. ఇంకో పండగను తెచ్చి వాకిట్లో నిలబెడుతుంది, మనం పిలిచేదాకా అది బయటే ఉంటుంది.