యాడ కూసున్నవ్?

ఇవాళ్టికీ కంచం ముందు కూర్చుంటే మా అమ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

మోమిన్‌పేట్ పక్కన మా ఊళ్లో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు, కూలిపని చేసే మా నాయన వార్డు మెంబరుగా గెలిచాడు. మొదటి మీటింగు సర్పంచు ఇంటి అరుగు మీద జరిగింది. నాయన మురిసిపోతూ ఇంటికొచ్చాడు.

"యాడ కూసున్నవ్?" అని అడిగింది అమ్మ.

"కుర్చీలు తక్కువబడ్డయి. అరుగు కింద నిలబడ్డ. నాకేం కాళ్లు నొయ్యలే."

అమ్మకు ఒళ్లు మండింది. "నువ్వొక్కనివే నిలబడ్డవా? నీకు ఓటేసిన మన వాడకట్టంత నిలబడ్డట్టే గద!"

రెండో మీటింగుకు నాయన మా ఇంటి పీట చంకలో పెట్టుకొని పోయాడు. అరుగెక్కి, వేసుకొని కూర్చున్నాడు. ఆ పై మీటింగుకు కుర్చీ దానంతటదే వచ్చింది. అన్నాళ్లూ అది ఎక్కడ దాక్కుందో నాకు నేటికీ అర్థం కాదు.

నన్ను తాండూరుకిచ్చారు. అక్కడ మగవాళ్లు తిని లేచాక, మిగిలింది అత్తా నేనూ వంటింట్లో తినేవాళ్లం. మొదటిసారి పుట్టింటికొస్తే అమ్మ నగల ఊసెత్తలేదు.

"అత్తగారింట్ల యాడ కూసొని తింటున్నవ్ బిడ్డా?" అంది.



తాండూరు తిరిగివెళ్లిన రోజే నా కంచం తెచ్చి మగవాళ్ల వరసలో పెట్టుకొని కూర్చున్నాను. మామ చేతిలో ముద్ద ఆగిపోయింది. వడ్డిస్తున్న అత్త గరిటె పెట్టేసి విసురుగా లోపలికి పోయింది. కోపమొచ్చిందనుకున్నాను.

తన కంచం పట్టుకొని వచ్చి నా పక్కన కూర్చుంది.