ఎర్ర పిడి

ఎల్లారెడ్డి టైలర్ బిలాల్‌కు భయపడి విమానాశ్రయంలో తుపాకులే వెనక్కి తగ్గినయి, ఒట్టు! దుబాయిలో అతని పని పారాచూట్లు మడతపెట్టుడు. సెలవుకొచ్చినా ఇంట్ల దుప్పటిని మోకాళ్లతో తొక్కి, గాలి తీసి మడుస్తడు. మొన్న తిరిగి పోతూ దుబాయిల కొలువిచ్చిన సేఠ్ తెమ్మన్న పారాచూట్ సంచిని పసిబిడ్డలెక్క ఒళ్లో పెట్టుకున్నడు. తనిఖీ తెర మీద తీగలు కనబడంగనే జవాను "యే క్యా హై?" అని సంచికున్న ఎర్ర పిడి పట్టిండు. లాగితే ఆపదకు దాచిన రెండో పారాచూట్ అక్కడే విచ్చుకుంటది. దాన్ని మళ్లీ మడవాలంటే వేరే లైసెన్సు కావాలె, అది బిలాల్‌కు లేదు, కొలువు పోతది. సంచి మీద బోర్లపడ్డడు. తుపాకులు లేచినయి, అతన్ని చూసి మళ్లీ దిగినయి. ఈ ముచ్చట విని నేను కామారెడ్డి నుంచి ఫోన్ చేసి "పులివి బిలాల్ భాయ్!" అన్న.

"పులేంది భాయ్, తుపాకి ఎవ్వరూ ఎత్తలే. కాళ్లు వణికి లేవరాకుంటే వాళ్లే నీళ్లు తాపిండ్రు. 'లాగకుండ్రి సార్' అని ఏడ్సిన, అంతే."