ఆరూ నల్లగా పడితే

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మా ఇంట్లో చింతగింజలు పారేయడానికి వీల్లేదని శాసనం చేశాను. అమ్మకు ఒళ్లు మండింది. నాకు మాత్రం పాచికలు కావాలి.

బెంగళూరు నుంచి వచ్చి మా కాలేజీలో చేరిన స్నేహితురాలు ఒక జిరాక్స్ కట్ట ఇచ్చింది. అందులో ఉన్న ఆటకు బోర్డు ఉండదు, కాయలుండవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి, ఏం చేయబోతున్నారో చెబుతారు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలుండాలట. కర్నూలు వన్‌టౌన్‌లో నేను అడగని ఫ్యాన్సీ షాపు లేదు. ఒకాయన లూడో డబ్బా నా చేతిలో పెట్టి, "దీంట్లో ఆరుండాయి పాపా. ఇరవై ఏం జేస్కుంటావు?" అన్నాడు.

చివరికి నేల మీద గళ్లు గీసుకుని బారాకట్ట ఆడే గింజలే దిక్కయ్యాయి. ఆరు చింతగింజల్ని గడప దగ్గరి గరుకు రాతి మీద ఒక పక్క తెల్లబడేదాకా అరగదీశాను. వేసి, తెల్లవి లెక్కపెట్టడమే. తలుపు తోయాలంటే రెండు పడాలి, గోడ దూకాలంటే మూడు, పులితో పెట్టుకుంటే ఐదు. ఇరవై ముఖాల పాచికలో ఏ అంకె పడే అవకాశమైనా ఒకటే. గింజల్లో అలా కాదు, రెండూ మూడూ నాలుగే ఎక్కువగా పడతాయి. మామూలు పనులు మామూలుగా జరిగిపోతాయి, అద్భుతమూ ఘోరమూ ఎప్పుడో ఒకసారి వస్తాయి. నాకు ఆ పద్ధతి భలే నచ్చింది. ఆరూ నల్లగా పడితే సున్న. సున్న పడితే పని చెడడమే కాదు, ప్రాణం పోతుంది. ఈ చివరి రూలు నా సొంతం.

ఆడేది ఆదివారం మధ్యాహ్నాలు. అన్నకు బేతంచెర్ల బండలు అమ్మే అంగడి ఉంది, ఆ రోజు సెలవు. వాడు ఆటలో ఏనుగున్న వీరుడు, కానీ రాక్షసుడు ఎదురైనా బేరానికి దిగేవాడు. మూడో మనిషి వదిన. ప్రొద్దుటూరు నుంచి కోడలిగా వచ్చి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో ఆమె నోటి నుంచి "సరే అత్తా", "అట్లే అత్తా" తప్ప మూడో మాట విన్నవాళ్లు లేరు. ఆటలోకి వస్తే మాత్రం ఆమె గుర్రమెక్కి కొండల్లో తిరిగే వేగులామె. ఓర్వకల్లు రాళ్లలాంటి గుట్టల మధ్య దొంగల్ని తరిమేది, అన్న బేరాలు చూసి పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను వారమంతా కథ అల్లేదాన్ని. ఇంట్లో నాకు తోడు దొరికిందన్న సంతోషం అంతా ఇంతా కాదు.

ఒక ఆదివారం గుహలో పులి ఆమె మీదికి దూకింది. వదిన గింజలు గుప్పిట్లో ఆడించి బండ మీద వేసింది. ఆరూ నల్లగా పడ్డాయి.

ఆ వేగులామె చస్తే వదిన మళ్లీ వంటింట్లోకి వెళ్లి "సరే అత్తా" దగ్గర ఆగిపోతుందని నా భయం. కానీ కిందటి వారం అన్న ఏనుగు వంతుకు ఇదే సున్న పడి అది చచ్చింది. వదినకని రూలు మారిస్తే ఇక ఆటేముంది?

"సున్న వదినా. పులి..." అంటూ నసిగాను.

వదిన గింజల వైపే చూస్తూ, "సున్న కాదు పాపా. పన్నెండు. మళ్లా ఒక ఏటు గూడా ఉండాది" అంది.

"ఈ ఇంట్లో బారాకట్టలో కూడా అది సున్నే వదినా."

"మా ఇంట్లో పన్నెండే." అత్తింట్లో ఆమె ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

గడప దగ్గర అనపకాయలు వలుస్తున్న అమ్మ చేతులు ఆగాయి. అన్న బుద్ధిగా తల దించుకున్నాడు.

"నేనీ ఇంటికొచ్చిన కొత్తల్లో నేనూ పన్నెండే అంటి," అంది అమ్మ. "మీ జేజి, మా అత్త, ఈడ అట్ల కుదరదు అనె. ఆపొద్దు కింద పెట్టిన గింజలు మళ్లా ముట్టుకోలే."

మా అమ్మకు బారాకట్ట ఇష్టం లేదనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"పిల్లది పన్నెండంటాంది గదా. పన్నెండే. ఉండనీ."

"మరి నా ఏనుగు?" అన్నాడు అన్న.

"అది పోనీలేప్పా. దానికి మేత యాడ తెస్తావు?" అంది అమ్మ.

పులి పారిపోయింది. వదిన రెండో ఏటుకు గుహ కూడా దాటేసింది. అమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుని వచ్చి మా మధ్య కూర్చుంది. ఆమెను కోటలో ముసలి మంత్రసానిని చేశాను. మొదటి పనే కోట గోడ దూకుతానంది. మూడు పడాలని చెప్పాను. గింజలు చెవి దగ్గర ఆడించి మరీ వేసింది. రెండు పడ్డాయి.

"పడ్డావమ్మా" అన్నాను.

"మా ఊర్లో రెండు పడితే మళ్లా ఏస్తారు" అంది అమ్మ, నా కళ్లలోకి సూటిగా చూస్తూ.

అలాంటి రూలు భూమ్మీద ఎక్కడా లేదు. న్యాయం చెప్పమని వదిన వైపు తిరిగాను.

"అవును పాపా. మా ఊర్లో గూడా అంతే" అంది వదిన, రెప్ప వేయకుండా, గింజలు ఏరి అత్త చేతిలో పోస్తూ.