వంగిన గాజు దారం

గాజు పనికి పేరుపడ్డ మురానో దీవిలో జూస్టీనా చేసిన పూస పగిలిందంటే ఎవరూ నమ్మరు. దీపం ముందు కూర్చుని, ఇనుప తీగ మీద గాజును పాకంలా చుట్టి, వెచ్చటి బూడిదలో దాచి తీరిగ్గా చల్లారనిచ్చేది. తొందరపడి చల్లగాలికి పెడితే పైన గట్టిపడుతుంది, లోపల ఇంకా కాగుతూనే ఉంటుంది. ఆ బిగువు ఎప్పుడో పగిలి బయటపడుతుంది. భర్త పోయాక ఆ పూసలతోనే కొడుకు తొదారోను పెంచి పెద్ద చేసింది.

రెండు రంగులు కలిపే ముందు ఆవిడ రెంటినీ మంటలో అంటించి, సన్నటి దారంగా సాగదీసేది. చల్లారాక దారం నిటారుగా ఉంటే రెండూ ఒకే తీరుగా ముడుచుకున్నట్టు. వంగిందా, ఒకటి ఎక్కువ ముడుచుకుని రెండోదాన్ని గుంజుతున్నట్టు. ఆ జంట పనికిరాదు. ఎంతటివాడి కొలిమి నుంచి గాజు కడ్డీ వచ్చినా దారం లాగి చూడందే పూస చుట్టేది కాదు. మూతి ముడుచుకున్నవాళ్లను ముడుచుకోనిచ్చేది.

అంత గట్టి మనిషి కొడుకు గాజుకు మాత్రం దారం లాగలేదు. ఎలా లాగుతుంది? తొదారోకు అప్పుడే కొలిమిలో గాజుకు పాళ్లు కలిపే పని దొరికింది. ఇసుక ఒక్కటే అయితే ఆ వేడికి లొంగదు, సోడా పడాలి. సోడా ఎక్కువైతే చల్లారేటప్పుడు గాజు మరీ ముడుచుకుపోతుంది. మరియమ్మ పండగ దాకా పనితనం చూసి ఖాయం చేస్తానన్నాడు యజమాని. తను కలిపిన తొలి ఎర్ర కడ్డీలను తొదారో తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. కన్నకొడుకు గాజును పరీక్షించడమంటే ఆ దీవిలో వాడి పరువు తీసినట్టే. తెల్ల గాజు మీద ఆ ఎరుపు చుట్టి, మరియమ్మకు పండగ హారం గుచ్చింది.

పండగ ఉదయం చర్చిలో దోన్ సిల్వియో ఫాదర్ హారాన్ని విగ్రహం మెడలో వేశారు. కింద కొవ్వొత్తుల సెగ. ఎవరో తలుపు తీశారు, కాలువ మీది చలిగాలి రివ్వున కొట్టింది. టిక్ మంది ఒక పూస. ఆ వెంటనే ఇంకోటి. అందరూ చూస్తుండగానే ఎర్రటి పెంకులు మరియమ్మ పాదాల మీద రాలాయి.

"ఓరి దేవుడో! ఎక్కడైనా ఉందా ఇది!" అని కేకేసింది కాటీనా. జూస్టీనా పూసలు కొనేది ఆవిడే.

జూస్టీనాకు ఏం జరిగిందో అర్థమైపోయింది. ముందు వరుసలో యజమాని అప్పటికే తొదారో వైపు తల తిప్పుతున్నాడు.

"తప్పు నాదే ఫాదర్! బూడిదలోంచి తొందరపడి తీశాను" అనేసింది.

"నువ్వు తొందరపడ్డావా వదినా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు?" అంది కాటీనా.

అప్పుడు తొదారో నోరు విప్పాడు. "నిజమేనండీ. అమ్మకి ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. మానేయమంటే వినదు."

జూస్టీనా తన చేతుల వైపు చూసుకుంది. అబద్ధం మొదలెట్టింది తనే, కాదనదు. కానీ చేతులా! ఎప్పుడు వణికాయి? ఎవరు చూశారు? యజమాని తొదారో భుజం తట్టాడు. కాటీనా జాలిగా దగ్గరకొచ్చి, "ఇంక చాల్లే వదినా, కాస్త విశ్రాంతి తీసుకో" అంది. ఇక పూసలు కొననని అర్థం.

ఇంటికొచ్చి, తల మీది గుడ్డ కూడా తీయకుండా దీపం వెలిగించింది. మిగిలిన ఎరుపునూ తెలుపునూ అంటించి లాగింది. చల్లారుతుంటే దారం కళ్లముందే విల్లులా వంగింది. చేతులు వణకలేదు.

మధ్యాహ్నం తొదారో భోజనానికి కూర్చున్నాడు. మొక్కజొన్న పిండితో చేసిన వేడి పొలెంటా పక్కనే, పళ్లెం అంచున, ఆ దారం. వాడు దాన్ని వేళ్లతో ఎత్తి చూశాడు.

"అమ్మా... సోడా ఎక్కువైందని నాకు తెలీదే. ఒట్టు."

"గాజు సంగతి తెలీదు, సరే. నా చేతుల సంగతి కూడా తెలీదురా?"

తొదారో ఆ దారాన్ని జేబురుమాలులో జాగ్రత్తగా చుట్టి లేచాడు.

"ఎక్కడికి?"

"ముందు కాటీనత్త దగ్గరికి. అట్నుంచి యజమాని ఇంటికి."

"ఉద్యోగం పోతుందిరా."

"పోనీ అమ్మా."

జూస్టీనా ఆపలేదు. పొలెంటా తొందరగా చల్లారకుండా పళ్లెం మీద మూత పెట్టింది.